తిరిగొచ్చి చెప్పండి

మా బావగారు యాకోబు ఇంట్లో మాట్లాడిన మాటలన్నీ పోగేసినా దోసెడు ఉండవు. కూర ఎలా ఉందని మా అక్క అడిగితే ఇంకో ముద్ద ఎక్కువ తినేవారు. అదే జవాబు. అదే మనిషి మా కోనసీమ గన్నవరం వరద కేంద్రంలో వైర్లెస్ సెట్టు ముందు కూర్చుంటే మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. "బియ్యం లాంచీ, బియ్యం లాంచీ, గన్నవరం పిలుస్తోందండీ, అందుతోందాండీ" అంటూ ఏటిమీద తిరిగే లాంచీలన్నింటినీ ఇంటికొచ్చిన చుట్టాల్లా పలకరించేవారు. సెట్టులో ఇన్నేసి అండీలు వాడితే బ్యాటరీ అయిపోతుందని పై ఆఫీసువాళ్ళు వేళాకోళం చేసేవారట.

నేను ఆయన మరదల్ని. పేరు రూతు. బళ్ళో పంతులమ్మగా చేశాను. నాకు నోరెక్కువని మావాళ్ళందరూ అంటారు, అది నిజమే. బావగారికి ఇవ్వాల్సిన నోరు కూడా దేవుడు నాకే ఇచ్చేశాడని నా అనుమానం. అందుకే ఆయన ఎప్పుడూ చెప్పుకోని సంగతులు నేను చెబుతున్నాను.

ఆయన పుట్టింది ముక్తేశ్వరం దగ్గర. తండ్రి కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. తల్లి సువార్తమ్మ ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళ్ళేది. కొడుకు మట్టి పిసకకూడదని ఆవిడ పంతం పట్టి ఏరవతల మిషను హాస్టల్లో వేసింది. మొదటిసారి పంపేటప్పుడు పిల్లవాణ్ణి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కించి, అవతల మేష్టారు వచ్చి తీసుకెళ్తారని చెప్పి, కూలికి వేళ మించిపోతోందని వెనక్కి తిరిగింది. ఆ మేష్టారికి జ్వరమో ఏమో, రాలేదు. బావగారు అవతలి రేవులో రేకుపెట్టె మీద పొద్దువాలేదాకా కూర్చున్నారట. చివరికి పంటువాడే జాలిపడి హాస్టలు గుమ్మంలో దిగబెట్టాడు. ఈ సంగతి ఆయన నాతో ఒకే ఒక్కసారి చెప్పారు, అదీ నేను తవ్వి తవ్వి అడిగితే.

పదోక్లాసయ్యాక అమలాపురంలో రేడియోలు బాగుచేసే కొట్లో పని నేర్చుకున్నారు. అక్కణ్ణించి వరద కేంద్రంలో ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. మా ఇళ్ళల్లో జీతపు ఉద్యోగం అంటే అప్పట్లో చిన్న విషయం కాదు. మొదటి జీతం రోజున సువార్తమ్మ అత్తయ్య పేటంతా తిరిగి బెల్లం పంచిపెట్టిందని చెబుతారు.

ఆ ఉద్యోగం సంగతి కాస్త చెప్పాలి. ఏటి పొడుగునా రెండు కేంద్రాలుండేవి. ఎగువన గన్నవరం, దిగువన రాజోలు వైపు ఇంకొకటి. ఒకరి మాటకి ఒకరి మాట అడ్డం రాకుండా గన్నవరానికి ఒకటో నంబరు ఛానలు, దిగువ కేంద్రానికి రెండో నంబరు. లాంచీలో ఉన్న సెట్టుకి ఒక నాబు ఉండేది. లాంచీ గోదారి వైనతేయ పాయలో దిగువకి పోతూ ఒడ్డున ఇటుకబట్టీ పొగగొట్టం దగ్గరికి వచ్చేసరికి గన్నవరం మాట సన్నగిల్లిపోయేది. అక్కడ నాబుని ఒకటి నుంచి రెండుకి తిప్పుకుంటే దిగువ కేంద్రం అందేది. అందితే సరే. అందకపోతే మాత్రం లాంచీ గొట్టం దాటాక ఇటు గన్నవరానికీ వినపడదు, అటు దిగువకీ వినపడదు. గోదారి మధ్యలో ఒంటరిదైపోతుంది.

మిగతా ఆపరేటర్లు "రెండుకి మారండి" అని చెప్పి చేతులు దులుపుకునేవారు. మా బావగారి పద్ధతి వేరు.

"రెండుకి మారండి. వెంకటస్వామిగారిని పిలవండి. ఆయన పలికేక మళ్ళీ ఒకటికి తిరిగొచ్చి నాకు చెప్పండి. అప్పుడు వెళ్ళిరండి."

వెంకటస్వామి దిగువ కేంద్రం ఆపరేటరు. ఆయన పలికాడని లాంచీవాళ్ళు నాబు వెనక్కి తిప్పి చెప్పేదాకా బావగారు మైకు కింద పెట్టేవారు కాదు. పలకలేదంటే గొట్టం దగ్గరే ఒడ్డున ఆగమనేవారు. ఎవరెంత విసుక్కున్నా ఇదే వరస.

ఆయనతోపాటు పనిచేసే సత్తిబాబుకి ఇది చాదస్తంగా ఉండేది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ యాకోబుగారూ. లాంచీ ఎక్కినోళ్ళకే లేని భయం మీకెందుకూ?" అనేవాడు.

"అవతల అందుకునేవాళ్ళున్నారో లేదో చూసుకోకుండా ఇవతల ఎలా వదిలేస్తామండీ" అని బావగారు మెల్లిగా అనేవారు. అంతే. వాదన ఆయనకి చేతకాదు.

మా అక్క సలోమి నర్సు. డెబ్బై నాలుగులో వాళ్ళ పెళ్ళయింది. పిల్లలు కలగలేదు. ఆ లోటు గురించి ఇద్దరూ ఎవరి దగ్గరా నోరెత్తలేదు. వరదల కాలంలో ఏటి నడుమ లంకల్లో ఉన్నవాళ్ళకి మందులు పట్టుకెళ్ళే లాంచీ ఒకటుండేది, అందరూ మందుల లాంచీ అనేవారు. అక్కకి ఏటా దాని మీదే డ్యూటీ. సరంగు బంగారయ్యకి చుక్కాని పట్టుకోవడంతోనే సరిపోయేది కాబట్టి సెట్టులో మాట్లాడే పని అక్క మీద పడింది. అలా దేవుడు ఆ మొగుడూ పెళ్ళాలకి మాట్లాడుకునే ఏర్పాటు చేశాడు. కాకపోతే ఆ మాటలు కేంద్రంలోవాళ్ళూ, ఒకటో ఛానల్లో ఉన్న లాంచీలవాళ్ళూ వినేవారు.

మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే అలవాటు మాలో లేదు. అక్క సెట్టులో ఆయన్ని "గన్నవరంగారూ" అనేది. "గన్నవరంగారూ, లంకకి చేరేమండీ. జ్వరాలవాళ్ళకి మాత్రలిచ్చేమండీ. ఇక్కడ మా భోజనాలయ్యేయి. అక్కడ అయ్యేయాండీ?"

ఇటు గదిలో సత్తిబాబు, అటు ఏటిమీద బియ్యం లాంచీవాళ్ళు, అందరూ ఒకేసారి పకపకా నవ్వేవారు. బావగారి చెవులు ఎర్రబడిపోయేవి. "సందేశం అందిందండీ" అనేవారు.

ఆవిడ డ్యూటీ నుంచి తిరిగొచ్చే రోజున మాత్రం సైకిలు తీసుకుని రేవుకి వెళ్ళేవారు. ఆవిడ సంచి హ్యాండిలుకి తగిలించి, సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చేవారు. దారి పొడుగునా అక్క లంకల కబుర్లు చెబుతూనే ఉండేది. ఆయన వింటూ నడిచేవారు. ఒకసారి వాళ్ళ వెనకాలే నేను నడిచాను. ఇంటి మలుపు వచ్చింది, అక్క మాట ఇంకా అవలేదు. బావగారు మలుపు తిరక్కుండా తిన్నగా కాలవగట్టు మీదికి పోనిచ్చారు, కబురు పూర్తయ్యేదాకా. ఆ మనిషికి మా అక్క మీద ప్రేమ లేదని ఎవడైనా అంటే వాడి చెంప పగలగొడతాను.

ఇలా ఉండగా సత్తిబాబు ఒక హాస్యం మొదలుపెట్టాడు. మందుల లాంచీ గొట్టం దగ్గరికి వచ్చి, బావగారు "రెండుకి మారండి, వెంకటస్వామిగారిని పిలవండి" అని మొదలుపెట్టగానే పక్కనుంచి మైకులో పడేటట్టు అరిచేవాడు. "అప్పగింతలవుతున్నాయండీ! పెళ్ళికూతుర్ని పంపుతున్నారు, ఎవరూ మధ్యలో పిలవకండి!" ఇక అదే ఊతపదమైపోయింది. బియ్యం లాంచీవాళ్ళు అనేవారు, రేవులో టీ కొట్టువాడు అనేవాడు, చివరికి కాలవ దగ్గర బట్టలుతుక్కునే ఆడవాళ్ళు కూడా అక్కని చూసి "అప్పగింతలయ్యేయా నర్సమ్మగారూ?" అనేవారు. ఎద్దు పుండు కాకికి నొప్పా! ఏ లాంచీనైనా ఆయన అలాగే పంపుతారన్న సంగతి అందరూ మర్చిపోయారు. పెళ్ళాన్ని వదల్లేక చేస్తున్నాడనే లోకం ఖాయం చేసింది.

ఆయన సిగ్గరి. మిగతా లాంచీలకి నింపాదిగా చెప్పే మాటలు మందుల లాంచీకి గబగబా, గొంతు తగ్గించి, చుట్టూ చూసుకుంటూ చెప్పడం మొదలుపెట్టారు. "వాళ్ళ మొహం, మీరెందుకు పట్టించుకుంటారు బావగారూ?" అని నేను కేకలేశాను. "నలుగురిలో పనిచేసేవాళ్ళం కదమ్మా" అన్నారు. నలుగురు! ఆ నలుగురి మీదా నాకు ఇప్పటికీ కోపమే.

ఎనభై ఆరు ఆగస్టు వరద గురించి కోనసీమవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో నడుం లోతు నీళ్ళొస్తే నేను వరద కేంద్రం మేడమీదికి చేరాను. బావగారికి అన్నం పట్టుకుని కింద సెట్టు గదిలోకి వెళ్ళేసరికి పట్టపగలే దీపాలు వెలుగుతున్నాయి. ఇంజినీరుగారు, ఆయన మనుషులు, కబురు కోసం వచ్చిన ఊళ్ళవాళ్ళు, గది నిండా జనం. అందరి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. బయట గాలీ వానా. దిగువ లంకల్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయని మందుల లాంచీ పొద్దున్నే బయల్దేరింది.

నేను క్యారియరు బల్లమీద పెడుతూ ఉండగానే సెట్టులో అక్క గొంతు వినిపించింది. "గన్నవరంగారూ, గొట్టం దగ్గరికొచ్చేమండీ."

ఆ వెంటనే బియ్యం లాంచీ కూడా పిలిచింది. ఒక బడి డాబామీద చిక్కుకున్న తల్లుల్నీ పిల్లల్నీ ఎక్కించుకున్నారట. ఎక్కడ దింపాలో చెప్పమంటున్నారు.

బావగారు మైకు తీసుకున్నారు. సత్తిబాబు ఊరుకోలేదు. "బియ్యం లాంచీ కాసేపు ఆగాలండీ, ఇక్కడ అప్పగింతలవుతున్నాయి" అన్నాడు.

గది గదంతా నవ్వింది. అంత కష్టంలో జనానికి నవ్వడానికి ఏదో ఒకటి కావాలి, దొరికింది. ఇంజినీరుగారు కూడా నవ్వారు. త్వరగా కానివ్వమని ఎవరూ అనలేదు. అది మాత్రం నిజం, ఎవరి మీదా లేనిపోనిది చెప్పను. బావగారు ఒక్కసారి ఆ నవ్వే మొహాలవైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"మందుల లాంచీ, రెండుకి మారండి. వెళ్ళిరండి" అన్నారు.

వెంకటస్వామిని పిలవమనలేదు. తిరిగొచ్చి చెప్పమనలేదు. వెంటనే బియ్యం లాంచీని అందుకున్నారు. ఏ రేవు మునిగిందో, ఏ గట్టు గట్టిగా ఉందో, పిల్లల్ని ఎటునుంచి దింపాలో వివరంగా చెబుతూ ఉండిపోయారు. ఆ పిల్లలందరూ క్షేమంగా ఒడ్డెక్కారు.

ఆ మాటలు అయ్యీ అవకుండానే టెలిఫోను మోగింది. గొట్టానికి దిగువన కుడిగట్టు తెగిందనీ, ఏరంతా ఆ గండిలోకే లాక్కుపోతోందనీ, ఏ లాంచీనీ దిగువకి పోనివ్వొద్దనీ కబురు.

బావగారు ఒకటిలో పిలిచారు. జవాబు లేదు. తన సెట్టుని రెండుకి తిప్పి పిలిచారు. గరగర తప్ప ఏమీ లేదు. లాంచీ పలకలేదు, వెంకటస్వామీ పలకలేదు. తరవాత తెలిసిందేమిటంటే, దిగువ కేంద్రంలో ఏరియల్ స్తంభం గాలికి పడిపోయింది. ఆ సమయానికి వెంకటస్వామి ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని వానలో దాన్ని నిలబెట్టే పనిలో ఉన్నాడు. పాపం ఆయన చెయ్యగలిగింది ఆయన చేస్తున్నాడు.

"మందుల లాంచీ, మందుల లాంచీ, గన్నవరం పిలుస్తోందండీ. దిగువకి వెళ్ళకండి. వెనక్కి రండి." ఒకటిలో అని, రెండులో అని, మళ్ళీ ఒకటిలో అన్నారు. కాసేపటికి "నర్సమ్మగారూ, నర్సమ్మగారూ" అన్నారు. ఇంకా కాసేపటికి గొంతు బొంగురుపోయింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అననిది, ఆ జనం మధ్యలో, ఏటిమీద ఉన్న లాంచీలన్నీ వింటూ ఉండగా "సలోమీ" అని పిలిచారు. "సలోమీ, ఎక్కడున్నావు? పలుకు" అన్నారు. ఎవరూ నవ్వలేదు. సత్తిబాబు గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అక్క పలకలేదు. లాంచీ గండిలోకి వెళ్ళిపోయి, విరిగిపడిన తాటిమానుకి కొట్టుకుని తిరగబడింది. సరంగు బంగారయ్యనీ, అక్కతో వెళ్ళిన కాంపౌండరునీ జాలరులు కాపాడారు. వరద నీళ్ళు తీశాక అక్క ఒక అరటితోటలో దొరికింది. నేను వెళ్ళి చూశాను. చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ రోజుల్లో నాకు అందరి మీదా కోపమే. సత్తిబాబు పలకరింపుకి వస్తే గుమ్మంలోనే నిలబెట్టి నా నోటికొచ్చిందల్లా తిట్టాను. అతను తలొంచుకుని అంతా విని, అరుగు మీద కూర్చుని కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. అతన్ని చూస్తే నాకు ఇంకా మండింది. బావగారి మీద కూడా మండింది. ఊళ్ళో అందరి పెళ్ళాలకీ జాగ్రత్తగా చెప్పే ఆ రెండు ముక్కలు మా అక్కకి చెప్పడానికి ఆయనకి నోరెందుకు రాలేదు? ఆయన్ని అడుగుదామని ఎన్నిసార్లు గదిలోకి వెళ్ళానో. ఆయన గోడకి జారగిలబడి కూర్చున్న తీరు చూసి వెనక్కి వచ్చేసేదాన్ని.

బంగారయ్య కాస్త కోలుకున్నాక కర్ర పట్టుకుని ఇంటికి వచ్చాడు. బావగారి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"అమ్మగారు రెండులో పిలిచేరండీ" అన్నాడు. "ఎవరూ పలకలేదండీ. మీరు చెప్పకపోయినా అలవాటే కదండీ, నాబు మళ్ళీ ఒకటికి తిప్పేరు మీకు చెబుదామని. అప్పుడు మీరు బియ్యం లాంచీతో మాట్లాడుతున్నారండీ, పిల్లల్ని ఎక్కడ దింపాలో. రెండు పలకట్లేదని మధ్యలో చెప్పెయ్యండమ్మా అన్నాను నేను. 'ఆయన పనిలో ఉన్నారు బంగారయ్యా' అన్నారండీ. 'నా గొంతు వినపడిందంటే మళ్ళీ అందరూ ఆయన్ని నవ్వుతారు. ఎలాగూ వెళ్ళమన్నారు కదా, పద' అన్నారు. నేను పోనిచ్చేనండీ."

బావగారు "నా మాటలు ఎంతసేపు విందండీ?" అని అడిగారు.

"వినపడినంతసేపూ విన్నారండీ. సన్నగిల్లిపోతున్నా సెట్టు దగ్గర చెవి తియ్యలేదు" అన్నాడు బంగారయ్య.

నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఇద్దరూ ఇద్దరే! ఒకరికొకరు అంతలా కావలసినవాళ్ళు, ఎవరో నలుగురు పళ్ళికిలిస్తారని ఒకరినొకరు వదిలేసుకున్నారు. ఆ రోజు ఏడ్చినంత ఏడుపు అక్కని పూడ్చిపెట్టిన రోజున కూడా నేను ఏడవలేదు.

కొన్నాళ్ళకి బావగారు మళ్ళీ డ్యూటీలో చేరారు. అదే కుర్చీ, అదే సెట్టు, వేరే మందుల లాంచీ, వేరే నర్సు. ఆ అమ్మాయిని కూడా "తిరిగొచ్చి చెప్పండి" అనకుండా గొట్టం దాటనివ్వలేదని విన్నాను. ఎవరూ హాస్యమాడేవారు కాదట. అదంతా తరవాతి సంగతి. అంతకుముందు, అక్క కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో జరిగింది చెప్పాలి.

పేటంతా వచ్చారు. వరద కేంద్రంవాళ్ళూ వచ్చారు, సత్తిబాబు వెనక బల్లమీద కూర్చున్నాడు. దానం పాస్టరుగారు ప్రార్థన చేశాక నాలుగు మాటలు చెప్పమని ఇంజినీరుగారిని పిలిచారు. ఆయన మంచివారే. నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ఆ రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను" అన్నారు. "ఒకపక్క సొంత భార్య ఉన్న లాంచీ, ఇంకోపక్క పరాయి పిల్లలున్న లాంచీ. యాకోబుగారు తేడా చూడలేదు. భార్యని ఒక్క ముక్కతో పంపించి ఆ పిల్లల్ని అందుకున్నారు. డ్యూటీ అంటే అదీ. తన పర అని చూడని అలాంటి మనిషి మన మధ్య ఉన్నందుకు మనం గర్వపడాలి."

జనం ఆయ్ ఆయ్ అంటూ తలలూపారు. ఆ బియ్యం లాంచీలో దిగిన తల్లి ఒకామె పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చి బావగారికి దణ్ణం పెట్టింది. పాస్టరుగారు పాట ఎత్తుకోబోతూ ఉంటే బావగారు లేచి నిలబడ్డారు. ముందున్న బల్ల అంచు రెండు చేతులా పట్టుకున్నారు.

"ఇంజినీరుగారు పెద్దలండీ" అన్నారు. "ఆరి మాట కాదనకూడదు. కాని నేను తేడా చూసేనండీ."

బావగారు జనంవైపు తిరిగారు.

"ఆ లాంచీలో మీ ఆడవాళ్ళు ఎవరున్నా తిరిగొచ్చి చెప్పండి అనేవాణ్ణి. మా ఆవిడ కాబట్టి అనలేదండీ. అంటే మీరందరూ నవ్వుతారని."